ఇస్త్రీ బండి దగ్గర నేను రాయని మాట

చేసి మానేసిన పని గురించి రాయాలంటే తల నెరిసి ఉండాలని చాలామంది అనుకుంటారు. నాకు ముప్పై నాలుగేళ్ళు. పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో పదకొండేళ్ళు చట్టాల ముసాయిదాలు తెలుగు చేశాను. ఆ ఆఫీసు మూతపడ్డాక ఒక బడి లైబ్రరీలో చేరాను. మళ్ళీ ఆ పనికి వెళ్ళే ఉద్దేశం లేదు కాబట్టి రిటైరయినట్టే.

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అదే రకం పనిలో చేరుతోందట. "ఏం చదువుకుని వెళ్ళమంటారు మేడమ్?" అని అడిగింది. ఫోన్లో నాకు మాటలు రావు. "ఏదో ఒకటి చదువుతూ ఉండండి" అని పెట్టేశాను. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇది.

పని ఏమిటంటే

సాఫ్ట్‌వేర్ ఊపు మీద ఉన్న రోజులు. నేనుండే అమీర్‌పేట హాస్టల్లో గదికి ఐదుగురం. మిగిలిన నలుగురూ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. కొత్తగా ఎవరు దిగినా మొదటి ప్రశ్న "మీది ఏ కోర్సు?" నాది కోర్సు కాదు, ఉద్యోగం అంటే జాలిగా చూసేవాళ్ళు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళకు ఆఫీసు క్యాబులు వచ్చేవి. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని పంజాగుట్టకు నడిచేదాన్ని. వాళ్ళ మెడలోని ట్యాగుల మీద కంపెనీల పేర్లు దొంగచాటుగా చదివేదాన్ని. అసూయ నాకు కొత్త కాదని ముందే చెప్పడం మంచిది. ఈ కథంతా దాని గురించే.

జిరాక్స్ షాపు పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు. ప్రభుత్వ శాఖలు కొత్త చట్టం తేవాలనుకుంటే ముందు ముసాయిదా రాస్తాయి. జనం అభిప్రాయం అడగాలి కాబట్టి దాని తెలుగు పాఠం కావాలి, మామూలు మనుషులు చదువుకునే నాలుగు పేజీల కరపత్రం కూడా కావాలి. ఆ రెండూ మేం చేసేవాళ్ళం. పాఠం ఒకరు, కరపత్రం ఇంకొకరు. కరపత్రం రాసేవాళ్ళకు అసలు ముసాయిదా చూపించకూడదని మా ఆఫీసు పద్ధతి. చూస్తే ఆ భాష అంటుకుంటుందని. శాఖ ఇచ్చిన రెండు పేజీల సారాంశం మాత్రం ఇస్తారు. దాన్నుంచి మామూలు తెలుగులో రాయాలి.

మరి సారాంశంలో లేనిది జారిపోతే? దానికి కాపలా వినికిడి కాగితం. దాని సంగతి తర్వాత చెబుతాను. నా తప్పు అక్కడే ఉంది.

రంగారావు గారు

మా పెద్దాయన రంగారావు గారు ఒకప్పుడు చట్టాలు రాసే శాఖలోనే పనిచేశారు. గుంటూరు మనిషి. పచ్చ ఇంకు పెన్ను ఒకటి ఉండేది ఆయనకు. మా కాగితాల్లో 'వీలైనంత మేరకు', 'తగు చర్యలు' కనిపిస్తే పచ్చగా చుట్టేసేవారు.

"ఏంటమ్మా రూతూ ఇది? తగు చర్యలంటే?"

"ముసాయిదాలో అలాగే ఉంది సార్."

"ఉంటే ఉంచండి. పాఠంలో మనం మార్చకూడదు. కానీ కరపత్రంలో మాత్రం ఏం చర్యలో చెప్పలేదని రాయాలి. వాళ్ళు చెప్పలేదన్న సంగతి చదివేవాడికి తెలియాలి కదా."

నేను ఈ పనిలో నేర్చుకున్న వాటిలో ఇదే పెద్దది. చెప్పని విషయాన్ని చెప్పినట్టు భ్రమ కలిగించే మాట అబద్ధం కంటే ప్రమాదం. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

అయితే ఆయన పెన్నుకున్న ధైర్యం ఫోనుకు లేదు. పై అధికారి ఫోన్ చేసి "కాస్త పాజిటివ్‌గా ఉండాలండీ, జనాన్ని భయపెట్టకండి" అంటే "చిత్తం, చిత్తం" అనేవారు. రిసీవర్ పెట్టేసి కాసేపు కిటికీలోంచి చూసేవారు. ఆయనంటే నాకు గౌరవం. అయినా ఈ మాట దాచను.

హేమ

నేను చేరిన రెండేళ్ళకు హేమ వచ్చింది. ఎర్రగడ్డ అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది. మొదటి రోజే నన్ను "రూతక్కా" అంది. వారం తిరక్కుండా కింద జిరాక్స్ అన్నకు, ఆటో స్టాండులో అందరికీ దాని పేరు తెలుసు. నేను రెండేళ్ళుగా అదే మెట్లు ఎక్కి దిగుతున్నా, జిరాక్స్ అతను నన్ను "మేడమ్, మీరు ఏ ఫ్లోర్?" అని అడిగేవాడు.

చీరాలలో మా నాన్న బడిపంతులు. ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదివేది ఆయనే. ఇంటినిండా పుస్తకాలు. నేను చదివినన్ని పుస్తకాల్లో పదో వంతు హేమ చదవలేదు. అయినా దాని వాక్యం సాఫీగా వచ్చేది. ఒకసారి పరిశ్రమల కాలుష్యం మీద కరపత్రం. 'కర్బన ఉద్గారాలు' అని నేను సూచించాను. కింద ఆటో అతనికి వినిపిస్తే "గదేంది భాయ్, టానిక్కా?" అన్నాడు. హేమ నవ్వి, "పొగన్నా, కంటికి కనవడేదీ, కనవడనిదీ" అంది. రంగారావు గారు అదే మాట అచ్చులోకి పంపించారు. ఆరోజు నా డైరీలో రాసుకున్నాను: "కనబడని పొగ. నాకెందుకు తట్టలేదు?" ఆ ప్రశ్నే రెండు పేజీలు రాశాను.

హేమ నాకు ఏ చెడూ చేయలేదు. మధ్యాహ్నం దాని డబ్బాలోని సర్వపిండి సగం నాకే పెట్టేది. అది నా కోపాన్ని ఇంకా పెంచేది.

వినికిడి కాగితం

వాతావరణ మార్పుల మీద ఒక చట్టం తేవాలన్నారు. ఎండలు, వానలు, నాలాలు, చెరువులు, పొగ అన్నీ అందులో ఉన్నాయి. పాఠం నాకు ఇచ్చారు, కరపత్రం హేమకు.

ముసాయిదాలో ఒక సెక్షన్ ఉంది. నా తెలుగులో అది ఇలా వచ్చింది: "ముంపు పరిధిలోని నివాసాలను తొలగించి, నివాసితులను ప్రభుత్వము తదుపరి నిర్ణయించు ప్రదేశములకు తరలించవలెను." హేమకిచ్చిన సారాంశంలో మాత్రం తొలగింపు ఊసే లేదు. 'ముప్పున్న కుటుంబాలకు సురక్షిత గృహవసతి' అని ఉంది. హేమ దాన్ని తన పద్ధతిలో చక్కగా రాసింది: "నాలా పక్కన ఉండేవారు ఇకపై వాన పడితే భయపడనక్కరలేదు. వారికి గట్టి, సురక్షితమైన ఇళ్ళు వస్తాయి."

ఇప్పుడు మా పద్ధతి. అచ్చుకు ముందు కరపత్రాన్ని ఆ విషయంతో సంబంధమున్న ఒక మనిషికి గట్టిగా చదివి వినిపించాలి. విన్నవాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చదివేది కరపత్రం రాసినవాళ్ళు. పక్కన నిలబడి రాసుకునేది పాఠం చేసినవాళ్ళు, ఎందుకంటే అసలులో ఏముందో వాళ్ళకే తెలుసు. విన్నవాళ్ళు చెప్పింది ఎడమ వరుసలో, తేడా ఉంటే కుడి వరుసలో రాయాలి. అదే వినికిడి కాగితం.

మా హాస్టల్ సందు మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన యాదమ్మ ఇస్త్రీ బండి ఉండేది. అమీర్‌పేట వెనక నాలాకు ఆనుకున్న బస్తీలో ఆమె ఇల్లు. హాస్టల్ పిల్లల ఇంటర్వ్యూ చొక్కాలన్నీ ఆమె బొగ్గుల పెట్టె కిందకే వచ్చేవి. కాలరు చూసి ఎవరికి ఉద్యోగం వచ్చిందో, ఎవరు నాలుగోసారి వెళ్తున్నారో చెప్పగలిగేది.

హేమ చదివింది. యాదమ్మ పెట్టె పక్కకు పెట్టి విన్నది.

"ఇప్పుడు నువ్వు చెప్పు యాదమ్మత్తా, ఏం సమజైంది?"

"సమజ్ గాకేంది బిడ్డా. గవర్మెంటోళ్ళు మా ఇండ్లు గీ నాలా కాడ్నే గట్టిగ కట్టిస్తరు. ఇగ నీళ్ళు రావు. గంతే గద?"

"గంతే," అంది హేమ. దానికి అంతకంటే తెలియదు.

నాకు తెలుసు. ఇళ్ళు అక్కడ కట్టరు, అక్కడివి తీసేస్తారు. చెయ్యి పైకెత్తి "ఆగండి" అంటే చాలు. నోరు రాకపోతే కుడి వరుసలో రాస్తే చాలు.

ఆ నిమిషంలో నాకేం అనిపించిందో నాకు స్పష్టంగా గుర్తుంది. హేమ రాసినదాంట్లో తప్పు దొరికింది. దాన్ని నేను పట్టుకుంటే లోపలే సరిచేసేస్తారు, కరపత్రం హేమదిగానే ఉంటుంది, మళ్ళీ దానికే మెచ్చుకోలు. నేను పట్టుకోకపోతే ఎప్పుడో బయట పడుతుంది. అప్పుడు అసలు ముసాయిదా తెలిసినదాన్ని నేనేనని అందరికీ తెలుస్తుంది.

ఎడమ వరుసలో ఇలా రాశాను: "సురక్షిత గృహవసతి కల్పించబడునని శ్రోత గ్రహించినారు." కుడి వరుసలో గీత పెట్టాను.

నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. రంగారావు గారి పెన్ను సరిగ్గా ఇలాంటి వాక్యం చుట్టూ తిరిగేది. కానీ అది వినికిడి కాగితం కాబట్టి ఆయన నమ్మి సంతకం చేశారు.

మూడంతస్తులు ఎక్కి వచ్చింది

అభిప్రాయ సేకరణ సభ అమీర్‌పేటలో ఒక కమ్యూనిటీ హాల్లో జరిగింది. యాదమ్మ తన గల్లీని మొత్తం వెంటబెట్టుకొచ్చింది. అధికారి కరపత్రం చదివి, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే వాళ్ళంతా ఎత్తారు. హేమను చూసి యాదమ్మ దూరం నుంచే చెయ్యి ఊపింది. నేను వెనక వరుసలో కూర్చున్నాను. అప్పటికైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

వారం తర్వాత వార్డు ఆఫీసు గోడ మీద పూర్తి పాఠం అంటించారు. యాదమ్మ పక్కింటి డిగ్రీ అమ్మాయి అది చదివి బస్తీకి చెప్పింది. ఆ అమ్మాయి చదివింది నా తెలుగే.

యాదమ్మ మూడంతస్తులు ఎక్కి వచ్చింది. కరపత్రం నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది. హేమ బల్ల ముందు నిలబడింది.

"నువ్వే సదివితివి గద బిడ్డా. నాలా కాడ్నే ఇండ్లంటివి."

"అత్తా, నాకిచ్చిన కాగితంల గట్లనే ఉండె. నా మీద ఒట్టు."

"నా మాట మీద గల్లంత చేతులెత్తిండ్రు. నిన్న నల్లా కాడ ఒక్కతి సుత నాతోని మాట్లాడలే. 'యాదమ్మ ఎంత తీస్కుందో' అంటుండ్రు. ఇల్లు పోతే ఏడనో ఉంట. గీ మాట ఏడ కడుక్కోవాలె?"

హేమ ఏడుస్తోంది. రంగారావు గారు లోపలి నుంచి వచ్చి వినికిడి కాగితం తెప్పించారు. చూశారు. అందులో తప్పేమీ కనిపించలేదు. యాదమ్మను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. ఆమె తాగలేదు, వెళ్ళిపోయింది.

"శాఖకు ఏదో ఒకటి రాయాలి," అన్నారాయన నాతో, నెమ్మదిగా. "కరపత్రం రాసినవాళ్ళ పొరపాటని రాస్తాను. హేమను ఈ పనిలోంచి తప్పించక తప్పదు. బహుశా ఆఫీసులోంచి కూడా. ఏమంటారు రూతమ్మా? మీరక్కడే ఉన్నారు కదా."

నేను కోరుకున్నది ఇదే. తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలియలేదు.

డైరీ

హాస్టల్‌కు వచ్చి డైరీ తీశాను. విన్న మాటలు విన్నట్టు రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇస్త్రీ బండి రోజు పేజీలో యాదమ్మ మాటలున్నాయి, "గీ నాలా కాడ్నే" తో సహా. దాని కింద నా చేత్తోనే: "హేమ ఈసారి దొరుకుతుంది."

యాదమ్మ మాటలు మాత్రం ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాసి ఇద్దామనుకున్నాను. మరిచిపోయి వినికిడి షీట్లో రాయలేదని చెప్పొచ్చు. నమ్ముతారు. నేను నెమ్మదైన పిల్లనని అందరికీ తెలుసు. సగం దాకా రాశాను కూడా. అప్పుడు అర్థమైంది, మళ్ళీ అదే పని చేస్తున్నానని. ఉన్నదాంట్లోంచి ఒక ముక్క తీసేసి, మిగిలింది నిజమే కదా అంటున్నాను.

పొద్దున్నే డైరీ మొత్తం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద తెరిచి పెట్టాను. ఆయన చదివారు. చివరి వాక్యం దగ్గర ఆగారు. నా వైపు చూడకుండానే, "ఇది హేమ కూడా చదవాలమ్మా" అన్నారు.

హేమ నిలబడే చదివింది. నేను నేలవైపు చూస్తున్నాను. తిడుతుందనుకున్నాను.

"గింత మంచిగ రాస్తవ్," అంది. "షీట్ల ఎందుకు రాయలేదక్కా?"

తర్వాత నెలన్నర దాకా పనికి సంబంధించిన మాట తప్ప నాతో మాట్లాడలేదు. సర్వపిండి డబ్బా తన బల్ల దగ్గరే తినేది.

ఆరోజు రంగారావు గారు ఫోన్ తీశారు. "అయ్యా, తప్పు మా దగ్గర జరిగింది. మీరిచ్చిన సారాంశంలో కూడా జరిగింది. ఆ వార్డులో సభ మళ్ళీ పెట్టాలి" అన్నారు. అవతలి నుంచి చాలాసేపు ఏదో వినబడింది. ఈయన 'చిత్తం' అనలేదు. "లిఖితపూర్వకంగా పంపిస్తున్నాను" అని పెట్టేశారు. పెట్టిన వెంటనే ఒక తెల్లకాగితం ముందుకు లాక్కున్నారు. కిటికీలోంచి చూడలేదు.

నన్ను తీసేస్తారనుకున్నాను. తీయలేదు. "మీరు వెళ్ళిపోతే ఇందులోంచి ఇంకెవరూ ఏమీ నేర్చుకోరు. ఉండి సరిచేయండి" అన్నారు.

మళ్ళీ చదవడం

కొత్త కరపత్రంలో ఆ భాగం ఎవరు రాయాలి? నేనే రాస్తానన్నాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. నిజానికి అందులో కూడా హేమను మించాలన్న ఆశ ఉంది. రెండు రోజులు కూర్చుని పదకొండు లైన్లు రాశాను. వరదలు ఎందుకొస్తాయి, నాలాలు ఎందుకు ఇరుకయ్యాయి, తరలింపు ఎందుకు, అన్నీ ఉన్నాయి. అన్నీ సరైనవే. రంగారావు గారు చదివి హేమ బల్ల మీద పెట్టారు. ఈసారి హేమ పూర్తి ముసాయిదా చూసింది. పాత పద్ధతిని ఆయన ఆరోజే మార్చేశారు.

సాయంత్రం ఇస్త్రీ బండి దగ్గరకు ముగ్గురం వెళ్ళాం. హేమ కాగితం తీయబోతే యాదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వొద్దు బిడ్డా. గామె సదవాలె. గప్పుడు పక్కన నిలవడి రాసుకున్నది." నా వైపు తిరిగింది. "ఏం రాసుకున్నవమ్మా ఆరోజు, నేను చెప్పింది?"

"మీరు చెప్పింది రాయలేదండీ," అన్నాను. గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. "మీరు తప్పుగా అర్థం చేసుకున్నారని నాకు అప్పుడే తెలుసు. హేమకు తెలియదు. నాకు హేమంటే కుళ్ళు. అందుకే ఊరుకున్నాను."

యాదమ్మ నన్ను, హేమను మార్చి మార్చి చూసింది. "మీ ఇద్దరి పంచాయితీల నా ఇల్లు పెట్టిండ్రా?" అంది. పెట్టె తీసి ఒక చొక్కా మీద పెట్టింది. "ఇగ సదువు. గట్టిగ సదువు, బండ్ల చప్పుడుంది."

చదివాను. ఆటోల చప్పుడులో నా మాట రెండుసార్లు కలిసిపోయింది, ఆమె రెండుసార్లూ "మల్ల" అంది. మొదటి నుంచి చదివాను. ముగిశాక ఆమె చొక్కా మడత పెట్టి తిరిగి చెప్పింది.

"మా ఇండ్లు తీస్తరు. ఏరే తాన ఉండాలె. గా తావు ఏడనో ఇంక ఎవ్వలు చెప్పలే. గంతే గద?"

"అంతేనండీ."

"గిది నాకు మంచి ముచ్చట కాదు," అంది. "కానీ గిది నేను బస్తీల చెప్పొచ్చు. ఒక కాగితం గాదు, ఇరవై ఇయ్యి."

రెండో సభలో ఆ గల్లీవాళ్ళది ఒక్క చెయ్యి కూడా లేవలేదు. చోటు ముందు చూపించమని యాదమ్మే లేచి అడిగింది. ముసాయిదా తిరిగి వచ్చినప్పుడు ఆ మాట అందులో చేరింది. ఆ తర్వాత మొత్తం ముసాయిదా ఏదో బల్ల మీద ఆగిపోయింది. నేను పని మానేసే నాటికి యాదమ్మ ఇల్లు నాలా పక్కనే ఉంది, వానాకాలం నీళ్ళు వస్తూనే ఉన్నాయి. అది గెలుపో కాదో నేను చెప్పలేను. నల్లా దగ్గర ఆమెతో మళ్ళీ మాట్లాడుతున్నారని మాత్రం హేమ చెప్పింది.

ఫోన్ చేసిన అమ్మాయికి: మీ పక్క బల్ల మీద మీకంటే బాగా రాసే మనిషి తప్పకుండా ఉంటుంది. కుళ్ళు రాకుండా ఉండదు, దాన్ని వదిలించుకోవాలని నేను చెప్పను, నాకే చేతకాలేదు. దాన్ని డైరీలో పెట్టుకోండి. వినికిడి కాగితంలోకి రానివ్వకండి. ఆ కాగితం చివర ఎవరిదో ఒకరి ఇల్లు ఉంటుంది.

ఆరోజు నేను యాదమ్మకు చదివి వినిపించింది నా పదకొండు లైన్లు కాదు. హేమ వాటిని కొట్టేసి ఇలా రాసింది: "నాలాకు ఆనుకున్న ఇళ్ళను తీసేస్తారు. మీరు వేరే చోటికి వెళ్ళాలి. ఆ చోటు ఎక్కడో ఈ కాగితం రాసేనాటికి ఎవరూ నిర్ణయించలేదు."

మూడు వాక్యాలు. ఆ రాత్రి వాటిని డైరీలో ఎత్తి రాసుకున్నాను. కింద రాసినవాళ్ళ పేరు కూడా రాశాను. మూడు వాక్యాలకంటే ఆ రెండక్షరాలు రాయడానికే ఎక్కువసేపు పట్టింది.